రెండు బాణాల గుర్తు వెనక కథ

2018 మే 26 రాత్రి. రంజాన్ నెల. హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో జనం గుమిగూడి, భిక్షాటనకు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళల మీద పడ్డారు. ఒకరి ప్రాణం పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు అప్పటికే కొన్ని వారాలుగా తెలంగాణ జిల్లాల్లో వాట్సాప్ మీద తిరుగుతోంది. అదంతా అబద్ధమని పోలీసులు చెబుతూనే ఉన్నారు.

ఆ వేసవిలో దేశమంతా చుట్టిన వీడియోల్లో ఒకటి కరాచీలో తీసింది. బైకు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అసలు వీడియోలో వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన చిత్రమది. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. మిగతా పని ఫార్వర్డ్ మీట చూసుకుంది.

ఇలాంటి సందేశాలను యంత్రమే ఆపలేదా? ఈమెయిల్ స్పామ్‌ను ఏరేయడం ఇంజనీర్లకు కొత్త కాదు. చెత్త ఉత్తరాల్లో ఏ మాటలు ఎక్కువగా వస్తాయో లెక్కగట్టి, కొత్త ఉత్తరాన్ని ఆ లెక్కతో తూచే పద్ధతిని 2002లో పాల్ గ్రాహం బాగా ప్రచారంలోకి తెచ్చాడు. దానికి ఉత్తరాన్ని చదవాలి. వాట్సాప్ ఆ దారిని తనకు తానే మూసుకుంది. 2016 ఏప్రిల్ నుంచి అందులోని ప్రతి సందేశానికీ తాళం పడుతోంది. దాని తాళంచెవులు పంపినవారి ఫోన్లో, అందుకున్నవారి ఫోన్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. లోపల ఉన్నది పెళ్లి శుభలేఖో, ప్రాణాలు తీసే పుకారో మధ్యలోని సర్వర్‌కు తెలియదు.

చదవలేనిదాన్ని ఆపడమెలా? లెక్కపెట్టి.

2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఇలాంటి పుకారుకే ఐదుగురు బలయ్యారు. కేంద్ర ప్రభుత్వం వాట్సాప్‌ను నిలదీసింది. ఆ నెలలోనే, అందిన సందేశం పంపినవారి సొంతం కాదని చెప్పే ‘ఫార్వర్డెడ్’ ముద్ర వచ్చింది. వెనువెంటనే మన దేశంలో ఒక విడతకు ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేసే వీల్లేకుండా చేశారు. ఇతర దేశాల్లో ఈ హద్దు 20 ఉండేది. 2019 జనవరిలో అక్కడా ఐదుకు దించారు. ఒక గ్రూపులో 256 మంది పట్టే రోజులవి. 20 గ్రూపులంటే ఒక్క వేలి నొక్కుతో 5,120 మంది, ఐదైతే 1,280. తగ్గిన అంకె కూడా చిన్నదేం కాదు!

రెండు బాణాల గుర్తు 2019 ఆగస్టులో పుట్టింది. ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క సందేశంతో పాటే, అదే తాళం లోపల ప్రయాణిస్తుంది. ఐదు దాటుళ్లు అయ్యాయంటే ఫోనే జంట బాణాలు చూపిస్తుంది. కరోనా పుకార్లు ముసిరిన 2020 ఏప్రిల్‌లో, ఆ గుర్తున్నదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా బిగించారు. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని కొన్ని వారాలకే కంపెనీ ప్రకటించింది.

ఎవరి మాటా చదవకుండా ఇంత సాధించడం తెలివైన పనే. కానీ ఆ లెక్కకు మంచీ చెడూ తెలియదు. పండగ శుభాకాంక్షలకూ అదే బాణం. పైగా వాక్యాన్ని కాపీ చేసి కొత్తగా అతికిస్తే లెక్క మళ్లీ సున్నా. భారత్, బ్రెజిల్, ఇండోనేషియాల్లోని బహిరంగ గ్రూపులను కిరణ్ గరిమెళ్ళ తదితర పరిశోధకులు పరిశీలించి 2019లో తేల్చింది కూడా ఇదే కోవలోనిది. హద్దు వల్ల సందేశాల వేగం తగ్గుతుంది గానీ, బాగా పాకే గుణమున్నవి ఎలాగో దాటేస్తాయి.

వేగం తగ్గితే మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని వాడుకోవడం మనుషుల పని. 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఆ వ్యవధి దొరికేదాకా ఆగలేదు. కానిస్టేబుళ్లను ఊళ్లకు కేటాయించి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. డప్పు చాటింపులు వేయించారు, పోలీసు కళాకారులతో పాటలు కట్టించారు. ఇదంతా 2018 మార్చి నెలాఖరులో, అంటే వాట్సాప్ తొలి ముద్రకు మూడు నెలల ముందే మొదలైంది. ఆమె పరిధిలోని 400 పైచిలుకు ఊళ్లలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు.