రాగం... తానం... రసం!

డిసెంబరు వచ్చిందంటే చెన్నైలో చెవులకు పండగ. అదే సమయంలో సభల వెనకాల, పందిళ్ల కింద నోటికీ ఓ పండగ జరుగుతుంటుంది. గత డిసెంబరులో ఆ రెండింటి మధ్యా తిరిగొచ్చిన కబుర్లివి.

మృదంగం మీద మొదటి దెబ్బ పడిందో లేదో, మా ముందు వరుసలో నలుగురు లేచారు. ఆ వెనకే మరో ఇద్దరు. చెప్పుల చప్పుడు, కుర్చీల కిర్రు. బయట క్యాంటీన్‌లో అప్పుడే అరటిపువ్వు వడల వాయి దిగినట్టుంది, తలుపు తెరిచినప్పుడల్లా ఆ వాసన హాల్లోకి వచ్చేస్తోంది. నాకూ కాళ్లు నిలవలేదు. పక్కనున్న పెద్దమ్మ వైపు చూశాను. ఎందుకంటే ఈ ప్రయాణానికి ఆవిడ పెట్టిన షరతే అది... 'సంగీతం నువ్వు విను. నాకు మాత్రం ఆ క్యాంటీన్లు చూపించు!'

పాట చుట్టూ పుట్టిన రుచులు

చెన్నై సంగీతోత్సవానికి పెద్ద కథే ఉంది. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు సంగీత సమావేశం కూడా ఏర్పాటు చేశారు. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. అప్పట్నుంచీ డిసెంబరు సంగీతం ఊరంతా విస్తరించింది. తమిళులకు మార్గళి, మనకు ధనుర్మాసం. ఆ నెలలో పదుల సంఖ్యలో సభలు. పొద్దున చర్చా కార్యక్రమాలు, మధ్యాహ్నం యువ కళాకారుల కచేరీలు, సాయంత్రం పేరున్న విద్వాంసులు. 2017లో యునెస్కో చెన్నైని సంగీత విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది కూడా.

పొద్దుటి నుంచి రాత్రిదాకా పాట వినేవాళ్లకు ఆకలేస్తుంది కదా! ఆ అవసరంలోంచి వచ్చినవే సభల క్యాంటీన్లు. కాఫీ, ఇడ్లీలతో సరిపెట్టే రోజులు పోయాయి. పెళ్లి వంటల్లో చేయి తిరిగినవాళ్లు వచ్చి ఇక్కడ పందిళ్లు వేస్తారు. ఇప్పుడు 'ఈరోజు ఎవరు పాడుతున్నారు' అని అడిగేవాళ్లు ఎంతమందో, 'ఈ ఏడు ఏ సభలో ఎవరి వంట' అని ఆరా తీసేవాళ్లూ అంతమంది.

వంటింటి మనోధర్మం

మేం మొదటి రోజు పొద్దున్నే టిఫినుకు వెళ్లాం. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆనాటి వంటకాలు రాసి ఉన్నాయి. అడై, అవియల్. అడై అంటే బియ్యం, పప్పులు కలిపి బరకగా రుబ్బి వేసే మందపాటి అట్టు. అవియల్ అంటే కూరగాయలన్నీ కొబ్బరి, పెరుగుతో కలిపి వండేది. అట్టును అల్లప్పచ్చడితో తినడం తెలిసిన మా పెద్దమ్మ, కూరతో నంజుకోవడమేంటని ముందు ముఖం చిట్లించింది. సగం అయ్యేసరికి 'ఆ అవియల్ ఇంకాస్త వేయించు' అంది!

సాయంత్రం అదే క్యాంటీన్‌కి వెళితే బల్ల మీద పొద్దుటి పేర్లు ఒక్కటీ లేవు. ఆకుకూర వడ, సేవై, ఆవిరి మీద ఉడికించిన పిడి కొళుకట్టై... మన ఉప్పుడు పిండికి ముష్టి ముద్ర వేసినట్టుంటుంది. తీపిలో బూడిద గుమ్మడికాయతో చేసే కాశీ హల్వా. మర్నాడు వెళితే దాని స్థానంలో అశోకా హల్వా. పెసరపప్పు, నెయ్యితో చేసే ఈ మిఠాయికి పుట్టిల్లు తిరువయ్యారు అంటారు. త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరే!

ఇలా పూటకో రకం ఎందుకని వడ్డించే పెద్దాయన్ని అడిగా. 'వచ్చేవాళ్లు వాళ్లే కదమ్మా. నిన్న తిన్నదే ఇవాళ పెడితే ఊరుకుంటారా?' అన్నాడు. నిజమే. సంగీతంలోనూ అంతే. నాలుగు సభల్లో పాడాల్సిన విద్వాంసుడు నాలుగు చోట్లా అవే కీర్తనలు పాడితే రసికులు పెదవి విరుస్తారు. కీర్తన త్యాగయ్యదే అయినా ఆలాపన, నెరవు, స్వరకల్పన అప్పటికప్పుడు పుట్టాల్సిందే. దాన్నే మనోధర్మం అంటారు. అవే బియ్యం, అదే పప్పు, అదే కొబ్బరి. పూటకో రుచి. ఇది వంటింటి మనోధర్మం అన్నమాట.

మధ్యాహ్నం మాత్రం అరిటాకు భోజనం. పులుసు, కూటు, కల్యాణ రసం, అప్పడం, పాయసం. దాని కోసం టోకెన్ పట్టుకుని నిలబడినవారి వరుస హాలు చుట్టూ తిరిగి వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఖాళీ కుర్చీల కచేరీ

రెండో రోజు మధ్యాహ్నం మేం వెళ్లింది టి.నగర్‌లోని ఓ సభకు. ప్రవేశం ఉచితం. పాడుతున్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. వయొలిన్ మీద మరో అమ్మాయి, మృదంగం మీద నూనూగు మీసాల కుర్రాడు. బయట వరుసలో వంద మందికి పైగా ఉంటే, లోపల లెక్కపెడితే ముప్ఫై ఎనిమిది మంది. పెద్ద సభలో సాయంత్రం పాడే అవకాశం కావాలంటే ముందు ఇలాంటి మధ్యాహ్నాలు ఎన్నో దాటాలి. ఆ అమ్మాయి కళ్లు మాటిమాటికీ తలుపు వైపు పోతున్నాయి.

ప్రధాన కీర్తనగా 'నగుమోము' అందుకుంది. అంతవరకూ కునుకుతున్న మా పెద్దమ్మ చటుక్కున నిటారుగా కూర్చుంది. 'మా అమ్మ మజ్జిగ చిలుకుతూ పాడేదే ఇది' అంది మెల్లగా. రాగం పేరు ఆవిడకు తెలియదు. మాట తెలుసు. తెలుగు రాని అమ్మాయి తెలుగు పాట పాడుతోంది, ఒకచోట పదం విరిచిన తీరు పెద్దమ్మకు నచ్చలేదు కూడా. అయినా పెదవులు కదుపుతూనే ఉంది.

కీర్తన ముగిసి తని ఆవర్తనం మొదలైంది. అంటే పాట ఆగి, మృదంగం ఒక్కటే మాట్లాడే ఘట్టం. అదిగో, సరిగ్గా అప్పుడే ముందు వరుస లేచింది. 'తని వచ్చిందంటే క్యాంటీన్‌కి' అన్నది చెన్నైలో పాత హాస్యం. విన్నప్పుడు నేనూ నవ్వుకున్నా. వేదిక మీద ఆ కుర్రాడు, లేచి వెళుతున్న వీపుల్ని చూసి తల దించుకుని వాయించడం చూశాక నవ్వు రాలేదు.

నేను సంచి సర్దుకుంటుంటే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. 'కూర్చో. వాడు ఇంతసేపూ ఆ పిల్ల కోసం వాయించాడు. ఇప్పుడే కదా తన కోసం వాయించుకునేది.'

కూర్చున్నాం. ఎనిమిది నిమిషాలే. చివరి ముక్తాయింపు పడ్డాక మిగిలిన పాతికమంది చేతులు కలిస్తే ఆ హాలు నిండినట్టే అనిపించింది.

మేం క్యాంటీన్‌కి చేరేసరికి అరటిపువ్వు వడలు అయిపోయాయి. అశోకా హల్వా మాత్రం ఉంది. కాసేపటికి మృదంగం కుర్రాడూ వచ్చి, మా ఎదురుగా ఆకు ముందు కూర్చున్నాడు. 'బాగా వాయించావు నాయనా' అంది పెద్దమ్మ తెలుగులో. అతను తమిళంలో ఏదో అని, రెండు చేతులూ జోడించాడు. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది!

రెండూ కావాలి

తిండి సంగీతాన్ని మింగేస్తోందని కొందరు పెద్దలు బాధపడతారు. తిండి కోసం వచ్చి పాటకు చిక్కినవాళ్లూ ఉన్నారు, మా పెద్దమ్మే సాక్షి. 2020లో కొవిడ్ కారణంగా కచేరీలు ఆన్‌లైన్‌కి మారాయి. పాట ఇంటికొచ్చింది కానీ, పందిరి కింద పక్కవాడితో 'ఇవాళ తోడి ఎలా పాడారు' అని వాదించుకుంటూ తాగే కాఫీ రాలేదు. ఆనాటి స్వరకల్పన, ఆనాటి వడ... రెండూ ఆ పూటతోనే సరి. రెండింటికీ ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. కాకపోతే ఒకటి ముగిశాక రెండోదానికి వెళ్లాలి, అంతే!

వెళ్లాలనుకుంటే...

డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా సందడి ఎక్కువ. మ్యూజిక్ అకాడమీ, నారద గానసభ టి.టి.కె. రోడ్డులోనే ఉన్నాయి. కృష్ణ గానసభ, వాణీ మహల్ టి.నగర్‌లో. పగటి కచేరీలు చాలావరకు ఉచితం, సాయంత్రాలకు టికెట్ కొనాలి. ఆకు భోజనానికి రద్దీ మొదలవకముందే వెళ్లి, తిన్నాక కచేరీకి కూర్చోండి. ధనుర్మాసం చివర్లో వెళితే అక్కారవడిసల్ రుచి చూడండి. బియ్యం, పెసరపప్పు పాలలో ఉడికించి బెల్లం, నెయ్యి పోసి చేసే ఈ ప్రసాదాన్ని తిరుప్పావై 27వ పాశురం నాడు నివేదిస్తారు. మరో మాట... మృదంగం మోగుతుంటే లేవకండి. వడలు మళ్లీ వేస్తారు!