యూజర్‌నేమ్‌ పొడవుకు హద్దు ఎందుకు? ఆ అంకెను మార్చడం ఎందుకంత కష్టం?

వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్లు అనే ఇద్దరు ఒకే కార్యాలయంలో పనిచేస్తున్నారనుకుందాం. ఆంగ్ల లిపిలో మొదటి పేరుకు 15 అక్షరాలు, రెండో పేరుకు 13 అక్షరాలు కావాలి. మొదటి 8 అక్షరాల వద్ద కత్తిరిస్తే రెండు పేర్లూ ఒక్కటే అవుతాయి. ఎవరు ఎప్పుడు లాగిన్‌ అయ్యారన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఇలా కత్తిరించిన పేరు ఏ ఒక్కరినీ కచ్చితంగా చూపలేదు. యునిక్స్‌ తరహా ఆపరేటింగ్‌ సిస్టమ్‌లలో యూజర్‌నేమ్‌ హద్దును పెంచాల్సి రావడానికి ఇలాంటి చిక్కులు ఒక కారణం.

8 ఎక్కడి నుంచి వచ్చింది?

యునిక్స్‌ కెర్నల్‌ ఫైళ్ల యజమానిని పేరుతో కాక, ఒక సంఖ్యతో గుర్తిస్తుంది. పేరు మనుషుల సౌకర్యం కోసమే. అయితే ప్రస్తుతం లాగిన్‌లో ఉన్నవారి వివరాలను భద్రపరిచే ‘యుటెంప్‌’ ఫైల్‌లో పేరు కూడా ఉంటుంది. 1979 నాటి ఏడో వెర్షన్‌ యునిక్స్‌లో ఈ ఫైల్‌ పేరుకు సరిగ్గా 8 బైట్ల చోటు కేటాయించింది. ఇతర ప్రోగ్రామ్‌లు కూడా అదే కొలతను నమ్ముకొని తయారయ్యాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అచ్చు దరఖాస్తులో గడుల వరుస లాంటిదే ఈ ఏర్పాటు. ఒక గడిని వెడల్పు చేస్తే దాని తర్వాతి గడులన్నీ పక్కకు జరుగుతాయి. పాత కొలతతో కంపైల్‌ అయిన ప్రోగ్రామ్‌ ఆ రికార్డును తప్పుగా చదువుతుంది.

ఫ్రీబీఎస్‌డీలో ఏం జరిగింది?

ఫ్రీబీఎస్‌డీలో పేరు పొడవును ‘మ్యాక్స్‌లాగ్‌నేమ్‌’ అనే స్థిరాంకం నిర్ణయిస్తుంది. చాలాకాలం దాని విలువ 17. అంటే 16 అక్షరాలు, ముగింపును సూచించే ఒక సున్నా బైటు. 2014 జనవరిలో విడుదలైన 10.0 వెర్షన్‌లో దీనిని 33కు పెంచారు. దాంతో 32 అక్షరాల పేర్లకు వీలు కలిగింది. అంతకుముందే 9.0 వెర్షన్‌లో పాత యుటెంప్‌ స్థానంలో కొత్త ఏర్పాటు వచ్చింది.

అంతకన్నా పాత వెర్షన్లలో ఈ అంకెను సొంతంగా మార్చాలంటే కెర్నల్‌ ఒక్కదాన్నీ కంపైల్‌ చేస్తే చాలదు. దానిపై ఆధారపడిన లైబ్రరీలు, ఉపకరణాలు, విడిగా చేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌ అన్నింటినీ మళ్లీ నిర్మించాలి.

తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా?

హద్దును లెక్కించేది బైట్లలో. యూటీఎఫ్‌-8 పద్ధతిలో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు చొప్పున కావాలి. ‘వెంకటేశ్వర్లు’ కంటికి 5 అక్షరాలే అయినా కంప్యూటర్‌కు 39 బైట్లు. అది 32 హద్దును దాటిపోతుంది. అదీగాక, అన్ని వ్యవస్థల్లోనూ చెల్లాలంటే యూజర్‌నేమ్‌లో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, మరికొన్ని గుర్తులు మాత్రమే ఉండాలని పాసిక్స్‌ ప్రమాణం చెబుతోంది.

మార్చే ముందు

హద్దు పెరిగినంత మాత్రాన అన్ని ప్రోగ్రామ్‌లూ పొడవైన పేర్లను పూర్తిగా చూపవు. లినక్స్‌లో ‘పీఎస్‌’ ఆదేశం పొడవైన పేరుకు బదులు సంఖ్యను చూపవచ్చు, లేదా పేరును కత్తిరించి చివర కూడిక గుర్తు పెట్టవచ్చు. ‘యూస్టార్‌’ తరహా ‘టార్‌’ ఫైళ్లలో యజమాని పేరుకు, ముగింపు సున్నాతో కలిపి, 32 బైట్లే ఉంటాయి.

అందువల్ల నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లలో అతి తక్కువ హద్దు ఉన్నదానిని ముందుగా గుర్తించి, పేర్లను దానికి లోబడి ఇవ్వడం క్షేమం. పెంచక తప్పని పక్షంలో మొదట ఒక్క కంప్యూటర్‌లో పరీక్షించి, లాగిన్‌ రికార్డుల్లో పేరు పూర్తిగా నమోదవుతోందో లేదో చూసుకోవాలి.