క్రొత్త చేప వింత చేష్టలు

దుకాణములో చురుకుగా తిరిగిన బంగారు చేప ఇంటికి వచ్చిన మరునాటికే వింతగా ప్రవర్తింపసాగును. గాజుతొట్టిలో ఒక మూల నక్కి యుండును. వేసిన మేత ముట్టదు. నీటి పైకి వచ్చి ఊరక నోరు తెరచి మూయుచుండును. ఆకలి యని తలచి పిల్లలు మరికొంత మేత వేయుదురు. జబ్బని తలచి పెద్దలు నీటినంతయు పారబోసి క్రొత్తనీరు నింపుదురు. ఈ రెండు ఉపచారములును చేప ప్రాణమునకు ముప్పు తెచ్చునవే. ఇట్టి చేష్టలలో పెక్కు చేపకు జబ్బు చేసినదని కాక, నీరు సరిగా లేదని తెలుపునవి. ఆ సంగతినే మేము ఇచ్చట వివరింపదలచితిమి.

మూల నక్కుట కేవలము బెదురు. బంగారు చేపను చైనాదేశములో వేయి సంవత్సరములకు పూర్వమునుండియే పెంచుచున్నారు. ఎన్ని తరములు మనుష్యుల కడ పెరిగినను, క్రొత్తచోట దాగుట దానికి సహజగుణము. దాని రెండు ప్రక్కలను గీతవలె నుండు పార్శ్వరేఖ నీటిలోని స్వల్పమైన కదలికను సైతము గ్రహించును. గాలితిత్తినుండి చెవివరకు గల చిన్న ఎముకల మూలమున దానికి వినికిడియు మెండు. కావున తొట్టిని వ్రేళ్లతో తట్టరాదు. రేడియో పెట్టెను తొట్టిప్రక్కన ఉంచరాదు. మొదటి దినము మేత వేయనక్కరలేదు. రెండు మూడు దినములలో బెదురు తీరును. రాత్రివేళ అడుగున కదలక నిలిచిన చేప నిద్రించుచున్నదని ఎరుగవలెను. రెప్పలు లేనందున మనము దానిని పోల్చుకొనలేము.

నీటిపైన నోరు తెరచుచుండుట మాత్రము ఉపేక్షింపరాని సూచన. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవుట. 20 డిగ్రీల ఉష్ణోగ్రతగల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగి యుండగలదు. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు తగ్గును. నీరు వేడెక్కినకొలది చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రము పెరుగును. వేసవి వాతావరణ వార్తలలో రెంటచింతల పేరు వినని శ్రోతలు అరుదు. అట్టి పల్నాటిలో ఇరుకుమూతి గాజుబుడ్డి చేపకు తగినది కాదు. వెడల్పైన తొట్టి కావలెను, ఎండ తగులని చల్లనిచోటు కావలెను, గాలిపంపు కావలెను. కరెంటు పోయినప్పుడు తొట్టిలోని నీటినే చెంబుతో ముంచి కొంత ఎత్తునుండి సన్నధారగా పోయుచుండిన గాలి కలియును. మంచుగడ్డలు వేయరాదు; ఆకస్మికముగా చల్లబడుటయు హానికరమే.

ఇక కంటికి కనబడని విషమొకటి కలదు. చేప మొప్పలనుండి అమ్మోనియా వెలువడుచుండును. మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. పాతతొట్టిలో రాళ్లను, వడపోత పరికరమును ఆశ్రయించి పెరిగిన సూక్ష్మజీవులు దానిని అంత హాని లేని పదార్థముగా మార్చును. క్రొత్తతొట్టిలో అవి తగినంత వృద్ధిపొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. పల్నాటిలో సున్నపురాతి నేల మెండు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు అందరెరిగినవే. అట్టి నేలలోని బోరునీరు తరచు కఠినజలమై, కొంత క్షారగుణము కలిగి యుండును. క్షారజలములో, అందును వెచ్చని నీటిలో, అమ్మోనియా మరింత విషమగును. చేప రాళ్లకు ఒరసికొనుటకు, మొప్పలు ఎర్రబారుటకు ఇదియు నొక కారణము. కావున మేత చిటికెడు, రెండు నిమిషములలో తినివేయునంతయే, వేయవలెను. నీటినంతయు ఒక్కమారు మార్చక, మొదటి వారములలో రెండు మూడు దినములకొకసారి నాలుగవవంతు మాత్రము మార్చవలెను. వడపోత పరికరమును తొట్టినుండి తీసిన నీటితోనే కడుగవలెను.

క్లోరిను కలిపిన కుళాయినీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడుట మేలు. అప్పుడే తోడిన బోరునీటిలో ప్రాణవాయువు తక్కువగా నుండవచ్చును గనుక దానికిని ఇదియే పద్ధతి. చేపను తెచ్చిన సంచిని మొదట ఇరువది నిమిషములు తొట్టినీటిపై తేలనిచ్చి, పిదప తొట్టినీటిని కొంచెము కొంచెముగా సంచిలో కలుపుచు, తుదకు చేపను మాత్రమే తొట్టిలో విడువవలెను.

శరీరముపై ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు కనబడినను, పొలుసులు నిక్కబొడిచినను, రెక్కలు చివికినను అది జబ్బే. అట్టి చేపను వేరుచేసి, తెలిసినవారికి చూపవలెను. పాతచేపలున్న ఇంటిలో క్రొత్తచేపను రెండు మూడు వారములు వేరుతొట్టిలో ఉంచుట క్షేమము.

తొట్టిని, చేపను ఒకేదినమున కొనుటవలననే ఈ చిక్కులలో పెక్కు కలుగుచున్నవి. తొట్టిని నెలదినములు ముందుగా కొని, నీరు నింపి, గాలిపంపును వడపోతను నడపుచు, దినమునకు చిటికెడు మేత వేయుచుండిన సూక్ష్మజీవులు వృద్ధియగును. పిదప సగము నీరు మార్చి చేపను తెచ్చుట మంచిది. అంతవరకు ఓపికపట్టుట పిల్లలకు కష్టమే యైనను, ఆ నెలదినములును వారికొక పాఠమగునని మా విశ్వాసము.