నేలలో నిద్రపోయే పువ్వు

పిల్లలూ, మీ అమ్మ ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఒకటి నిలువుగా రెండు చెక్కలు చేయించి చూడండి. పొరమీద పొర కనిపిస్తుంది. అవి ఆకుల మొదళ్ళే! అడుగున వేళ్ళు పుట్టే చిన్న బిళ్ళ ఉన్నదే, అది కాండం. మొక్క తాను తయారుచేసుకున్న ఆహారాన్ని ఆ పొరల్లో దాచుకుంటుంది. ఇటువంటి దుంపను శాస్త్రంలో లశునం అంటారు.

మన పెరళ్ళలో పూసే మే పువ్వుకు కూడా దుంప ఉన్నది. దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఎండలు మండే రోజుల్లో ఒక జల్లు పడగానే, బోసినేలలోనుంచి కాడ లేచి, కొసన ఎర్రని బంతి విచ్చుకుంటుంది. అది ఒక్క పువ్వు కాదు. ఒక్కొక్కప్పుడు 200 దాకా చిన్నపూలు కలిసిన గుత్తి. కొద్దిరోజుల్లో వాడిపోతుంది. మళ్ళీ ఏడాదిదాకా రాదు.

పువ్వు వెనుకనే ఆకులు పెరుగుతాయి. వర్షాకాలమంతా అవి ఆహారం తయారుచేసి దుంపకు పంపుతాయి. వచ్చే ఏటి పువ్వుకు పెట్టుబడి అదే. పువ్వు అయిపోయింది గదా అని ఆకులు కోశారో, మరుసటి ఏడు పూయకపోవచ్చు. చలికాలంలో ఆకులు వాటంతట అవే పండి రాలిపోతాయి. దుంప నిద్రపోతుంది.

ఈ నిద్ర సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నేను బళ్ళో పనిచేసే రోజుల్లో ఒక పిల్లవాడు వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన దుంపను బడితోటలో నాటాడు. ఆకులు పండిపోతుంటే, నీళ్ళు చాలటం లేదనుకుని రోజూ పొయ్యమన్నాను. సంక్రాంతి సెలవుల తరువాత తవ్విచూస్తే దుంప కుళ్ళి గుజ్జయిపోయింది. వాడు నన్నేమీ అనలేదు. మర్నాడు ఇంకో దుంప తెచ్చి, “మేష్టారూ, ఈసారి నీళ్ళు పొయ్యకుండా చూద్దామా?” అన్నాడు.

కారంచేడు నేల నల్లరేగడి. పత్తికీ మిరపకూ మంచిదే గాని, తడిస్తే నీళ్ళు విడవదు, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది. అందుకని జానెడెత్తు మడి కట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, దుంప మెడ నేలమట్టానికి వచ్చేటట్లు పాతాము. (చీరాల సముద్రపు టొడ్డు ఇసుక తేకండి, దానిలో ఉప్పు ఉంటుంది. వాగు ఇసుక మేలు.) కొంచెం నీడ ఉన్నచోటు దీనికి ఇష్టం.

ట్యులిప్ దుంపలు నాటుదామని ఉబలాటపడకండి. వాటికి సుమారు మూడు నెలల గట్టి చలి కావాలి. 2007లో శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర వాటికొక పెద్దతోట తెరిచారు; అక్కడ మంచు ఉన్నది. మన మే పువ్వుకు కావలసింది పొడినిద్ర, ఆపైన వాన.

ఒక్కమాట. ఈ దుంప ఉల్లిపాయలా ఉన్నా విషం. వంటింటి ఛాయలకు రానివ్వకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

మా రెండో దుంప మొదటి వేసవిలో ఆకులే వేసింది. ఆ పైయేడు పూసింది. అప్పుడు బడికి సెలవులు. నేను కబురు పంపితే, వాడు సైకిలు మీద వచ్చాడు. వెనుక వాళ్ళ అమ్మమ్మ కూర్చుని ఉన్నది.