మంగోలులు గెలిచాక కూడా హంగేరీని ఎందుకు వదిలి వెళ్లారు?

ఈ ఎపిసోడ్‌లో మనం 1241కి వెళ్దాం. ఆ ఏడాది మంగోలులు హంగేరీ రాజ్యాన్ని ఒక్క యుద్ధంతో కుప్పకూల్చారు. మరుసటి ఏడాది ఎవరూ తరమకుండానే వెనక్కి వెళ్లిపోయారు. ఎందుకు? "మహా ఖాన్ చనిపోయాడు, యూరప్ బతికిపోయింది" అనే జవాబు మీరు వినే ఉంటారు. నా లెక్కలో అది సగం జవాబే.

ముందు కథ చూద్దాం. చెంగిజ్ ఖాన్ మనవడు బాతు, ముసలి సేనాని సుబుతాయి కలిసి 1237 నుంచి రష్యా సంస్థానాలను ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వచ్చారు. 1240 డిసెంబర్‌లో కీవ్ పడిపోయింది. వాళ్ల దెబ్బకు పారిపోయిన కుమన్లు అనే గుర్రపు తెగకు హంగేరీ రాజు నాలుగో బేలా చోటిచ్చాడు. మంగోలుల లాగే గుర్రం మీద నుంచి బాణం వేయగల సైన్యం కూర్చున్న చోటికే వచ్చింది కదా!

కానీ కుమన్ల పశువులు రైతుల పొలాలు తొక్కేశాయి. ప్రభువులకు వాళ్ల మీద నమ్మకం లేదు, గూఢచారులని అనుమానించారు. 1241 మార్చిలో శత్రువు కనుమలు దాటి వస్తుంటే, పెస్ట్ నగరంలో కుమన్ల నాయకుడు కోటెన్‌ను చంపేశారు. కుమన్లు మండిపడి, దారిలో ఊళ్లు దోచుకుంటూ వెళ్లిపోయారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

అదే టైంలో ఇంకో మంగోలు దళం పోలండ్‌లోకి దూరింది. ఏప్రిల్ 9న లెగ్నిత్సా దగ్గర డ్యూక్ రెండో హెన్రీని ఓడించి చంపింది. సరిగ్గా రెండు రోజులకు, ఏప్రిల్ 11న, మోహి యుద్ధం.

బేలా సైన్యం షాయో నది పక్కన, చుట్టూ బండ్లు అడ్డం పెట్టుకుని విడిది చేసింది. తెల్లవారకముందే బాతు రాళ్లు విసిరే యంత్రాలతో వంతెన మీద పడ్డాడు. అందరూ అటు చూస్తుండగా సుబుతాయి నది కింది వైపు ఇంకో వంతెన కట్టి దాటేశాడు. రక్షణ అనుకున్న బండ్ల గోడే బోనైపోయింది. అప్పుడు మంగోలులు కావాలనే ఒక వైపు సందు వదిలారు. దారి లేనివాడు చచ్చేదాకా పోరాడతాడు, దారి కనిపిస్తే పరిగెడతాడు. అలా పరిగెత్తినవాళ్లను వెంటాడి చంపారు.

బేలా తప్పించుకుని ఆస్ట్రియాకు వెళ్తే, అక్కడి డ్యూక్ ఆదుకోకపోగా డబ్బు, సరిహద్దు జిల్లాలు గుంజుకున్నాడు. చివరికి రాజు సముద్రతీరంలోని త్రోగిర్ చేరాడు. చలికాలంలో డాన్యూబ్ గడ్డకట్టడంతో మంగోలులు నది దాటారు. ఎస్టెర్గోమ్ ఊరు బూడిదైంది. కానీ ఒక్కటి గమనించండి: కొండ మీద ఉన్న దాని రాతికోట మాత్రం పడలేదు! దేశంలో ఎక్కువ కోటలు మట్టి, కర్రలతో కట్టినవి, అవే పోయాయి.

1241 డిసెంబర్‌లో మహా ఖాన్ ఓగెదేయ్ చనిపోయాడు, 1242లో సైన్యం వెనుదిరిగింది. వారసత్వ గొడవ ఒక కారణమే, కాదనను. కానీ బాతు మంగోలియాకు వెళ్లలేదు, వోల్గా నది దగ్గరే ఉండిపోయాడు. అందుకే గుర్రాలకు మేత చాలలేదని, కోటలు లొంగలేదని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు.

వెనక మిగిలింది కాలిన ఊళ్లు, కరువు. తిరిగొచ్చిన బేలా పగిలిన చోటే కుట్లు వేశాడు. కుమన్లను మళ్లీ పిలిచి భూములిచ్చాడు, వాళ్ల పిల్లను కొడుకు స్టీఫెన్‌కు చేసుకున్నాడు. ప్రభువులతో రాతికోటలు కట్టించాడు. బుడా కొండ మీద కోట పట్టణం అప్పుడే మొదలైంది. హంగేరీవాళ్లు ఆయన్ని దేశానికి రెండో స్థాపకుడు అంటారు.

1285లో మంగోలులు మళ్లీ వచ్చారు. ఈసారి ఏ మహా ఖాన్ చావూ అడ్డు రాలేదు. రాతికోటలు అడ్డొచ్చాయి, ఆకలి తోడైంది. చాలా నష్టపోయి తిరుగుముఖం పట్టారు. కాబట్టి ఎవరైనా "యూరప్‌ని కాపాడింది అదృష్టమే" అంటే, ఈ 1285 సంగతి అడగండి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.