ఇంటిమీదికి వంగిన కొమ్మ: కొట్టాలా, ఉంచాలా?

మన ఊళ్లలో పెరట్లో వేపచెట్టో, మామిడిచెట్టో ఉన్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. చెట్టు పెద్దదయ్యేసరికి లావుపాటి కొమ్మ ఒకటి ఇంటి కప్పు మీదికి చాచుకొని ఉంటుంది. తుపానుల కాలం దగ్గరపడగానే ఇంట్లో వాదన మొదలవుతుంది. "విరిగి నెత్తిన పడకముందే కొట్టించేద్దాం" అంటారు ఒకరు. "ఇన్నేళ్లుగా ఉన్న కొమ్మ ఇప్పుడే విరుగుతుందా? ఉన్న నీడ కాస్తా పోతుంది" అంటారు మరొకరు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాని కొమ్మను చూడకుండా భయంతో కొట్టించినా, మొండిధైర్యంతో ఉంచినా అది ఊహే అవుతుంది. కొమ్మను పరీక్షించి నిర్ణయించడం ఎలాగో చూద్దాం. ఇందుకు కావలసిన విజ్ఞానం చాలావరకు మీ పాఠాలలో ఉన్నదే.

కొమ్మ పైకి జరగదు

"చెట్టు పెరిగితే కొమ్మ కూడా పైకి పోతుంది, అప్పుడు కప్పుకు తగలదు" అని కొందరు అనుకుంటారు. ఇది నిజం కాదు. చెట్టు పొడవు పెరిగేది కొనలలో ఉన్న మొగ్గల వద్దనే. మాను ఏటేటా లావెక్కుతుందే గాని పైకి సాగదు. మాను మీద 3 మీటర్ల ఎత్తున మేకు దిగగొడితే, 20 ఏళ్ల తర్వాత కూడా అది 3 మీటర్ల ఎత్తునే ఉంటుంది. కొమ్మ మొదలు సంగతి కూడా అంతే. పైగా బరువు పెరిగినకొద్దీ కొమ్మ కొన కిందికే వంగవచ్చు. కనుక ఊరికే ఆగి చూసినంత మాత్రాన సమస్య తీరదు.

మొదట్లో పడే బలం

ఒక చివర మాత్రమే గోడలో బిగించిన దూలాన్ని ఊహించుకోండి. కొమ్మ అటువంటిదే. దాని బరువంతా గరిమనాభి వద్ద పనిచేస్తున్నట్లు తీసుకొని, ఆ బరువును మాను నుంచి దూరంతో గుణిస్తే బలభ్రామకం వస్తుంది. కొమ్మను మొదట్లో విరవజూసేది ఇదే.

ఒక లెక్క చేద్దాం. 7 మీటర్ల పొడవున్న కొమ్మ బరువు 200 కిలోలు, గరిమనాభి మాను నుంచి 3 మీటర్ల దూరంలో ఉందనుకొందాం. భ్రామకం 200 × 3 = 600 కిలో-మీటర్లు. ఇప్పుడు కొనవైపు 40 కిలోల ముక్కను కోశామనుకోండి. ఆ ముక్క గరిమనాభి మాను నుంచి 6 మీటర్ల దూరంలో ఉంటే, తగ్గిన భ్రామకం 40 × 6 = 240. బరువు నూటికి 20 వంతులే తగ్గింది. భ్రామకం మాత్రం నూటికి 40 వంతులు తగ్గింది! కొమ్మను మొదలంటా కొట్టకుండానే దాని భారాన్ని బాగా తగ్గించవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. ఇందుకు భిన్నంగా కొందరు మొదటి దగ్గరి చిన్న రెమ్మలన్నీ నరికించి, కొనలో గుబురును అలాగే ఉంచుతారు. దూరం తక్కువ గనుక ఆ రెమ్మల వల్ల భ్రామకం పెద్దగా తగ్గదు.

వంగి ఉన్నంత మాత్రాన కొమ్మ బలహీనమైనదని కూడా అనుకోకూడదు. మన పెరటి చెట్లలో చాలావాటికి వంగిన కొమ్మ పైభాగంలో ఒక ప్రత్యేకమైన కలప తయారవుతుంది. అది తాళ్లతో వెనక్కు లాగి పట్టుకొన్నట్లు కొమ్మను నిలుపుతుంది. పైన్, దేవదారు వంటి చెట్లు ఇదే పనిని కొమ్మ కింది భాగంలో గట్టి కలపను పెంచుకొని, కింది నుంచి తోసి పట్టుకొన్నట్లు చేస్తాయి.

గాలి సంగతి వేరు. గాలి తోపుడు దాని వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా వీచింది. ఇది 60 కిలోమీటర్ల గాలికి మూడు రెట్లు. కాబట్టి తోపుడు మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. ఆకులు, రెమ్మలు గాలివాలుకు ముడుచుకోవడం వల్ల ఇందులో కొంత తగ్గుతుంది. అయినా ఆనాడు నగరంలో లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలాయి. "ఇన్నేళ్లుగా విరగలేదు" అనే మాట ఇన్నేళ్లూ వీచిన గాలులకు మాత్రమే సాక్ష్యం.

నాలుగు పరీక్షలు

ఇవన్నీ నేలమీద నిలబడి చేయదగినవే. చెట్టు ఎక్కనవసరం లేదు.

మొదటిది, అతుకు. కొమ్మ, మాను కలిసేచోటు చూడండి. అది వెడల్పుగా, చేటలా గుండ్రంగా ఉంటే రెండింటి కలప ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటుంది. కత్తెర నోరులా ఇరుకుగా ఉండి, మధ్య బెరడు లోపలికి ఇరుక్కుపోయి కనిపిస్తే, అక్కడ కలపకు కలప అతకలేదన్న మాట. ఇటువంటి కొమ్మ ఎంత పచ్చగా ఉన్నా నమ్మదగినది కాదు.

రెండవది, చీలిక. అతుకు దగ్గర గాని, కొమ్మ పొడవునా గాని పగులు ఉందేమో చూడండి.

మూడవది, తొర్ర. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా! అలాగే చేతికి అందేచోట చెక్క సుత్తితో మెల్లగా తట్టితే, పుచ్చిన భాగం బోలుగా మోగుతుంది. బెరడు మీద పలకల్లా శిలీంధ్రాలు పెరిగి ఉన్నా లోపల పుచ్చు ఉందని గ్రహించాలి. అయితే తొర్ర కనబడగానే భయపడనక్కరలేదు. అడ్డుకొలత 20 సెం.మీ. ఉన్న కొమ్మ నడుమ 10 సెం.మీ. తొర్ర ఉంటే, వంగకుండా నిలిచే బలంలో తగ్గేది (10/20)⁴, అంటే పదహారింట ఒక వంతే. వెదురు బోలుగా ఉన్నా గట్టిగా ఉండడానికి కారణం ఇదే. తొర్ర 16 సెం.మీ.కు పెరిగితే మాత్రం నూటికి 41 వంతులు పోతుంది. ఈ లెక్క తొర్ర సరిగా నడుమ ఉండి, చుట్టూ కలప చీలకుండా ఉన్నప్పుడే వర్తిస్తుంది.

నాలుగవది, ప్రాణం. ఉగాదినాటికి వేపచెట్టంతా చిగిర్చి పూతపూసినా ఒక్క కొమ్మ మాత్రం మోడుగా ఉంటే, అది ఎండినదే. ఎండుకొమ్మ ఏనాటికైనా పడక తప్పదు.

కొడితే చెట్టుకేమవుతుంది?

మన చేయి తెగితే అక్కడే కొత్త చర్మం వస్తుంది, గాయం మానుతుంది. చెట్టు గాయం ఆ విధంగా మానదు. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో (1930–2006) వేలాది చెట్లను రంపంతో నిలువునా కోయించి లోపలి గాయాలను పరిశీలించాడు. చెట్టు దెబ్బతిన్న కలపను బాగుచేసుకోదనీ, దాని చుట్టూ గోడలు కట్టినట్లు అడ్డుపొరలు ఏర్పరచుకొని కుళ్లును అక్కడికక్కడే ఆపజూస్తుందనీ 1977లో వివరించాడు. బయట కొత్త కలప పెరిగి గాయాన్ని కప్పేస్తుంది. పాత గాయం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది.

గాయం పెద్దదైతే మూసుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా శిలీంధ్రాలు ప్రవేశిస్తాయి. కనుక లావుపాటి కొమ్మను అనవసరంగా కొట్టడమంటే, ఇవాళ లేని ప్రమాదాన్ని పదేళ్ల తర్వాత మానులోనే కొనితెచ్చుకోవడం. గాయానికి తారో రంగో పూస్తే కుళ్లు ఆగదు.

నీడనూ లెక్కలో వేయాలి. ఆకులు బాష్పోత్సేకం వల్ల నీటిని ఆవిరిగా వదులుతాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల ఉష్ణం కావాలి. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి, ఎండ నుంచి తీసుకొన్నదే. పడమటి వైపు కొమ్మ పోతే సాయంత్రపుటెండ నేరుగా కప్పు మీద పడుతుంది.

నిర్ణయం

చివరగా, కొమ్మ కింద ఏముందో చూడాలి. గడ్డివామి మీద పడే కొమ్మ వేరు, వేసవి రాత్రులు అవ్వ మంచం వేసుకొనే చోట పడే కొమ్మ వేరు. కొమ్మ చీలినా, ఎండినా, అతుకు చెడినా, కింద మనుషులు మసలుతుంటే వెంటనే తీయించాలి. కొమ్మ గట్టిగా ఉండి, పెంకులను రాసుకొంటూ ఉంటే కొనవైపు తగ్గిస్తే చాలు. కొమ్మ గట్టిదై, కప్పుకు దూరంగా ఉంటే ఉంచాలి. ఏటా తుపానులకు ముందు, పెద్ద గాలివాన తర్వాత మళ్లీ పరీక్షించాలి.

తీయించవలసి వస్తే పని తెలిసినవారి చేతనే చేయించాలి. మొదట మానుకు ఒక అడుగు దూరంలో కొమ్మ కిందినుంచి కొంత లోతు కోయాలి. తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, కొమ్మ పడేటప్పుడు మాను బెరడును చీల్చుకుపోదు. చివరకు మిగిలిన మొద్దును తీసేయాలి. కొమ్మ మొదట్లో కంకణంలా ఉబ్బిన భాగం ఉంటుంది. గాయాన్ని మూసే కణజాలం పుట్టేది అక్కడే. కోత కంకణానికి బయటి అంచున ఉండాలి. మానుకు నున్నగా కోయకూడదు, పొడవాటి మొద్దూ మిగల్చకూడదు. కొమ్మను పొట్టి చేసేటప్పుడు కూడా ఎక్కడో మధ్యలో నరకకుండా, అందులో మూడో వంతుకు తగ్గని లావున్న పక్కకొమ్మ వద్ద కోయాలి. ఒకేసారి చెట్టు ఆకులలో నాలుగో వంతుకు మించి తీయకూడదు.

పొడి రోజులలో, చిగురు రావడానికి ముందు కోస్తే గాయం త్వరగా మూసుకొంటుంది. ప్రమాదమున్న కొమ్మకు మాత్రం ముహూర్తం చూడనక్కరలేదు. దగ్గరలో కరెంటు తీగలుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పి, కరెంటు ఆపించిన తర్వాతే పని మొదలుపెట్టాలి. కొమ్మతో సరిపెట్టక చెట్టునే కొట్టాలనుకొంటే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి కావాలేమో ముందుగా విచారించాలి.

ఈ ఆదివారం మీ ఇంటి చెట్టు దగ్గరికి పెద్దవాళ్లతో కలిసి వెళ్లండి. కొమ్మ పొడవును, మొదలు చుట్టుకొలతను అంచనా వేసి, నాలుగు పరీక్షల ఫలితాలను తేదీతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వచ్చే ఏడు అదే నెలలో మళ్లీ చూడండి. అప్పుడు ఇంట్లో వాదన వస్తే చూపించడానికి మీ దగ్గర రుజువులు ఉంటాయి.