మాక్‌బెత్ నాటకమున భవిష్యవాణి – రాజ్యకాంక్ష

షేక్‌స్పియర్ విషాదాంత నాటకములలో మాక్‌బెత్ మిక్కిలి చిన్నది. 1606 ప్రాంతమున రచితమైనదని పండితుల అభిప్రాయము. 1623 నాటి నాటక సంపుటమున తొలిసారి అచ్చయినది. యుద్ధమున గెలిచి మరలివచ్చుచున్న స్కాట్లండు సేనాని మాక్‌బెత్‌కు బీడుభూమిపై ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, అతడు రాజు కాగలడని పలుకుదురు. అతడు తన యింటికి అతిథిగా వచ్చిన రాజు డంకన్‌ను నిద్రలో చంపి సింహాసనమెక్కును. దానిని నిలుపుకొనుటకు హత్యపై హత్య చేయించి, తుదకు తానును హతుడగును. స్థూలదృష్టికి ఇది విధి ప్రేరేపింపగా నరుడు నడచిన కథగా తోచును. శాపములు, వరములు, ఆకాశవాణులు పరిచితములైన భారతీయ పాఠకునకు ఈ భావము మరింత సులభముగా నాటుకొనును. కాని నాటకమును రంగానుక్రమమున పరిశీలించినచో ఆ మంత్రగత్తెల మాటలకు గల కర్తృత్వము ఎంత స్వల్పమో తేటపడును.

వారు మాక్‌బెత్‌ను మూడు విధముల సంబోధింతురు: గ్లామిస్ అధిపతి, కాడర్ అధిపతి, కాబోవు రాజు. మొదటి పదవి తండ్రి మరణముచే అతనికి అప్పటికే సంక్రమించినది. రెండవదానిని అతడు ఎరుగడు గాని ప్రేక్షకులు ఎరుగుదురు. అంతకు ముందు రంగముననే డంకన్ ద్రోహియైన కాడర్ అధిపతికి మరణదండన విధించి, ఆ పదవిని మాక్‌బెత్‌కు ఇమ్మని ఆజ్ఞాపించినాడు. కావున ఒకటి భూతము, ఒకటి వర్తమానము; భవిష్యత్తునకు సంబంధించినది మూడవది మాత్రమే. దూత వచ్చి కాడర్ పదవిని ప్రకటింపగానే, రెండవ మాట నిజమైనది గనుక మూడవదియు నిజము కావలెనని మాక్‌బెత్ ఊహించును. తార్కికుల దృష్టిలో ఇది హేత్వాభాసమే.

అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. రాజును చంపుమని మంత్రగత్తెలు సూచనప్రాయముగానైనను చెప్పలేదు. హత్య అను తలంపు పుట్టినది మాక్‌బెత్ మనస్సున. తన ఊహకు తానే భీతిల్లి, వెంట్రుకలు నిక్కబొడుచుకొనుచున్నవని అతడే చెప్పుకొనును. మరుక్షణమున, అదృష్టము తన్ను రాజును చేయదలచినచో తన ప్రయత్నము లేకయే చేయవచ్చును గదా అని సమాధానపడును. భవిష్యవాణిని నిజముగా నమ్మినవానికి ఈ రెండవ తలంపు చాలును. అది మరుసటి రంగము వరకే నిలిచినది. డంకన్ తన కుమారుడు మాల్కమ్‌ను వారసునిగా ప్రకటింపగానే, దారికి అడ్డము వచ్చిన మెట్టును దాటవలెనను నిశ్చయము మాక్‌బెత్‌కు కలుగును. నమ్మినచో వేచియుండవలెను, నమ్మనిచో ఆశను విడువవలెను. అతడు ఈ రెండింటిలో ఏదియు చేయలేదు. విమర్శకుడు బ్రాడ్లీ 1904లో ప్రచురించిన తన గ్రంథమున, ఈ భవిష్యవాణులు నాయకుని నిర్బంధింపలేదనియు, దోషము అతని సంకల్పముననే కలదనియు ప్రతిపాదించినాడు.

ఈ వాదమునకు బలమైన సాక్ష్యము నాటక మూలమున లభించును. షేక్‌స్పియర్‌కు ఆధారమైనది హోలిన్షెడ్ చరిత్ర గ్రంథము. దీని ప్రథమ ముద్రణము 1577, ద్వితీయ ముద్రణము 1587. అందు మాక్‌బెత్‌కు న్యాయమైన ఫిర్యాదు కలదు. రాజకుమారునకు తగిన వయస్సు రానప్పుడు సమీప జ్ఞాతికి రాజ్యము చెందవలెనను నియమమును డంకన్ ఉల్లంఘించినాడని అతని కోపము. అందలి డంకన్ మెత్తనివాడు, పాలనాదక్షత లేనివాడు. పైగా రాజైన తరువాత మాక్‌బెత్ పదేండ్లు చక్కగా పాలించినాడు. నాటకకర్త వీనినన్నింటిని తొలగించినాడు. డంకన్ సాధుశీలుడైనాడు, వారసత్వ నియమము మాయమైనది, సుపరిపాలన కాలము లేకపోయినది. ప్రథమాంకాంతమున మాక్‌బెత్ ఏకాంతమున తర్కించుకొనుచు, తాను రాజునకు బంధువు, సామంతుడు, ఆతిథేయుడు అని హత్యకు ప్రతిబంధకములను లెక్కించి, తన్ను ముందుకు త్రోయునది రాజ్యకాంక్ష తప్ప మరియొకటి లేదని ఒప్పుకొనును. మూలమున ఉన్న కారణములను తుడిచివేసి ఈ ఒప్పుకోలును వ్రాసిన కవి, విధిపై భారము మోపదలచెననుట పొసగదు. భార్య ప్రోద్బలము ఉన్నది నిజమే. కాని ఈ ప్రయత్నమును ముందుగా ప్రస్తావించినది నీవే గదా అని ఆమె అతనిని నిలదీయును.

బాంకో పాత్ర ఈ సందర్భమున పరిశీలింపదగినది. ఆ మాటలను మాక్‌బెత్‌తో కలిసి విన్నవాడు ఇతడు. ఇతని సంతతివారు రాజులగుదురని మంత్రగత్తెలు పలికిరి. దుష్టశక్తులు చిన్న విషయములందు నిజము చెప్పి పెద్ద విషయమున ముంచునని బాంకో హెచ్చరించును. ఆశ ఇతనికిని లేకపోలేదు. మాక్‌బెత్‌పై అనుమానము కలిగినను మౌనము వహించినాడు. కాని కత్తి చేపట్టలేదు. హోలిన్షెడ్ గ్రంథమున బాంకో హత్యలో భాగస్వామి! 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన మొదటి జేమ్స్ తాను బాంకో వంశీయుడనని భావించెను గనుక ఈ మార్పు తప్పనిసరియైనదందురు. అది సత్యమే గాని, ఒకే వాక్కు ఇరువురియందు వేరువేరుగా పరిణమించుటను చూపుట దీనివలన కలిగిన నాటకీయ ప్రయోజనము.

మన నాట్యశాస్త్రము చెప్పిన ప్రారంభ, యత్న, ప్రాప్త్యాశా, నియతాప్తి, ఫలాగమములను ఈ నాటకమునకు అన్వయించినచో ఒక వైపరీత్యము కనబడును. ద్వితీయాంకాంతముననే అతనికి కిరీటము లభించినది. నియతాప్తి మాత్రము లేదు. రాజగుట ఒక లెక్కలోనిది కాదు, నిర్భయముగా రాజై యుండుటయే కావలెనని తృతీయాంకమున అతడు తలపోయును. తనకు అనుకూలమైన భవిష్యవాణిని తొందరపెట్టి నిజము చేసినవాడే బాంకోకు అనుకూలమైనదానిని అబద్ధము చేయుటకు పూనుకొనును. బాంకో మరణించును, కుమారుడు ఫ్లీయన్స్ తప్పించుకొనును. ఆకాశవాణి విన్న కంసుడు తన కీడును మాన్పుకొనుటకు శిశుహత్యలు చేసినాడు. మాక్‌బెత్ కొంతవరకు కంసుడే. కాని మొదటి హత్య కీడును మాన్పుకొనుటకు కాక మేలును త్వరితపరచుటకు చేసినది.

చతుర్థాంకమున మంత్రగత్తెలను అతడే వెదకికొని పోవును. మాక్‌డఫ్ వలన జాగ్రత్తపడుమనియు, స్త్రీకి పుట్టినవాడెవడును అతనికి హాని చేయజాలడనియు, బర్నమ్ వనము డన్సినేన్ కొండకు నడచివచ్చువరకు అతనికి ఓటమి లేదనియు అచట తోచిన రూపములు పలుకును. హిరణ్యకశిపుని వరము ఇట గుర్తుకు రాక మానదు. అయితే హిరణ్యకశిపుడు నిబంధనలను తానే కూర్చుకొనెను. మాక్‌బెత్ ఇతరులు కూర్చిన మాటలను తనకు తోచిన అర్థమున గైకొనెను. నైయాయికులు చెప్పు వాక్ఛలము ఇట్టిదే. ‘నవకంబళుడు’ అనగా క్రొత్త కంబళి కలవాడని వక్త ఉద్దేశింపగా, తొమ్మిది కంబళ్లు ఎక్కడివని ప్రతివాది ఆక్షేపించుట దీనికి ప్రసిద్ధోదాహరణము. ఇక్కడ క్రమము తలక్రిందులైనది. వక్తయే అప్రసిద్ధార్థమును దాచుకొన్నాడు, శ్రోత ప్రసిద్ధార్థమున మోసపోయినాడు.

ఈ వాక్కులు నెరవేరిన తీరున అద్భుతమేమియు లేదు. మాక్‌డఫ్‌ను నెలలు నిండకమునుపే తల్లి గర్భమును చీల్చి వెలికి తీసిరి. మాల్కమ్ సైనికులు తమ సంఖ్య తెలియకుండుటకు కొమ్మలు నరికి పట్టుకొని నడచిరి. మాల్కమ్‌కు భవిష్యవాణి సంగతియే తెలియదు. పైగా, ఎవరును తనకు హాని చేయలేరని విన్న తరువాతను మాక్‌బెత్, నిశ్చయమును రెండింతలు చేసికొనుటకని మాక్‌డఫ్‌ను చంపదలచును. అతడు ఇంగ్లండునకు వెడలిపోయినాడని తెలిసి భార్యాబిడ్డలను చంపించును. మాక్‌డఫ్ దేశము కొరకు ముందే కదలినాడు. ఈ దారుణము వలన అతని ఖడ్గము మాక్‌బెత్‌నే వెదకుచు వచ్చినది.

నాటకాంతమున రాజైనవాడు మాల్కమ్. బాంకో సంతతికి చెప్పిన రాజ్యము కథలో ఎచటను నెరవేరలేదు. చతుర్థాంకమున వరుసగా నడచిన ఎనమండుగురు రాజుల ఛాయారూపములలో మాత్రము అది సూచితమైనది. ఎనిమిదవ రూపము చేతనున్న అద్దమున ఇంకను అనేకులు కనబడుదురు. అది జేమ్స్ రాజు వంశమును ఉద్దేశించినదని వ్యాఖ్యాతలందురు. ఆ బాంకో చారిత్రక పురుషుడు కాడనియు, 1527లో హెక్టర్ బోయీస్ రచించిన స్కాట్లండు చరిత్రమున ప్రవేశించిన కల్పితవ్యక్తియనియు ఆధునిక చరిత్రకారులు తేల్చినారు.